హగరి గేటు దగ్గర కొలత రాయి

సోమవారం

మారి ట్యాంకరుకు ఈ రోజు కొత్త జీపీఎస్ డబ్బా బిగించారు. పాతది ఎండకు ఉబ్బి చెడిపోయింది. బిగించేవాళ్లు బిగించి వెళ్లిపోతారు. అది నిజంగా పనిచేస్తోందా లేదా అని చూసి గేటు ఎత్తడం నా పని.

మారి అంటే మారెక్క, నా చెల్లెలు. ఎండిపోయిన హగరి ఏరు దాటి నల్లదిన్నెకు నీళ్లు తీసుకెళ్లే డ్రైవరు.

ముందు డబ్బా మీది నంబరు, బండి నంబరు సరిచూశాను. స్టీరింగు కింద దూరి వైర్లు లాగి చూశాను. సీలు వేశాను. పైకెక్కి చూస్తే యాంటెన్నా మీద అప్పుడే ఇసుక పేరుకుంది. కొంగుతో తుడిచాను. అంతసేపూ మారి బండి మెట్టు మీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటోంది.

"ఏమక్కా, సొంత చెల్లెల్ని గూడా ఇంతసేపు నిలబెడతావా?"

"చెల్లెలివి ఇంట్లో. ఈడ డ్రైవరువి. బండిని రాయి కాడికి తీసుకురా."

గేటు పక్కన పాతకాలపు కొలత రాయి ఒకటుంది. భూమ్మీద అది ఎక్కడుందో అంగుళం తేడా లేకుండా మా తాతల కాలంలోనే కొలిచి పెట్టారు. బండిని దాని పక్కన ఆనించి నిలబెడితే, అనంతపురం కంట్రోలులో మునీంద్ర తెర మీద బండి చుక్క కూడా సరిగ్గా ఆ రాయి మీదే కనపడాలి. అప్పుడే పాస్. పాసయ్యాకే ట్యాంకరులోకి నీళ్లు పడతారు.

రేడియోలో అడిగాను. "మునీంద్రా, యాడ చూపిస్తాంది?"

"రాయికి తూర్పున, నలభై అడుగులు పక్కకుండాది అక్కా."

"పోయిన వారం పదడుగులే గదప్పా."

"పైన ఇంకొకటి మూగబోయింది. ఉండేటివన్నీ ముసలి ఉపగ్రహాలు. కొత్తవి ఎగరేసేవాళ్లు లేరు. నూరడుగుల దాకా పాస్ చేయమన్నారు, చేసెయ్."

మారిని ఎర్ర బటన్ నొక్కమన్నాను. ఆపదలో నొక్కేది అది. కంట్రోలులో గంట మోగిందని మునీంద్ర చెప్పాడు. ఆఖరుగా, అద్దం మీద అంటించిన కాగితం చదివి వినిపించాలి. ట్యాంకర్లలో రేడియోలు పోయి చాలా కాలమైంది. డబ్బా ఒక్కటే మిగిలింది. అది ఉన్నచోటికే మనుషులు వెతుక్కుంటూ వస్తారు. అందుకే ఆ కాగితం.

"బండి చెడితే బండి దగ్గరే..."

"...ఉండవలెను. తెలుసులే తల్లీ, గేటెత్తు," అంది మారి. శనక్కాయల పొట్టు నా చేతిలో పోసి బండెక్కింది.

బుధవారం

మారి నిన్న పొద్దు గూకేలోపే తిరిగొచ్చింది. ఈ రోజు తనకు సెలవు. గేటు వెనక మా గదిలో ఇద్దరం సంగటి తిన్నాం. దారి ఎట్లా ఉందని అడిగాను.

"దారి యాడుందక్కా? కరెంటు స్తంబాల తలకాయలు రెండు మూడు కనపడతాండాయి, వాటిని పట్టుకుని పోతాండా. తిమ్మక్క అడగమనింది నిన్ను. ఎప్పుడొస్తావని."

తిమ్మక్క నల్లదిన్నెలో పెద్ద వయసు మనిషి. నేనెప్పుడూ చూడలేదు. మారి మాటల్లోనే తెలుసు. ఊరు విడిచి సర్కారు క్యాంపుకు రమ్మంటే గొర్రెల్ని చూపిస్తుందట, వీటికి మీ క్యాంపుల్లో చోటుందా అని. ఆమె కదలదు, ఆమె కదలనిదే మిగతా ముప్పై ఇళ్లూ కదలవు. మారి వెళ్లినప్పుడల్లా జొన్నరొట్టె మూట కట్టి ఇస్తుంది. ఈసారి నా కోసం ఇంకొకటి చుట్టి పంపింది. ఇసుక కరకరలాడుతున్నా బాగుంది.

మధ్యాహ్నం పక్కీరప్ప ట్యాంకరు చూశాను. అతను ఉత్తరపు ఊళ్లకు తిరుగుతాడు. బండి రాయి దగ్గరుంటే చుక్క రెండు ఫర్లాంగుల అవతల, హగరి ఇసుకలో ఉందన్నాడు మునీంద్ర.

"ఇదేం పాసు మునీంద్రా?" అన్నాను.

"నన్నడిగితే ఏం చెప్పేది అక్కా? ఆపితే ఊర్లు ఎండిపోతాయి. ఇయ్యాల్టి నుంచి దూరం చూడొద్దంట. డబ్బా బతికుంటే చాలంట. చుక్క తెర మీద ఉండాదా, గంట మోగుతాందా, అంతే."

పాస్ అని రాశాను. పక్కీరప్ప సాయంత్రానికి తిరిగొచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

శుక్రవారం

పొద్దున్నే మారి బండి చూశాను. చుక్క అరమైలు అవతల పడింది. గంట మాత్రం మోగింది.

"రేపు పోరాదా?" అన్నాను.

"సోమారం నేను పోసిన నీళ్లు ఈపొద్దుకు తొట్టిలో అడుగంటి ఉంటాయక్కా. రేపంటే గొర్రెలు ఆగుతాయా? నాకు స్తంబాలుండాయిలే."

కాగితం చదివాను. ఈసారి అడ్డం రాకుండా పూర్తిగా విని, నవ్వి, నీళ్లు పట్టుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గాలి లేచింది. పడమటి నుంచి ఎర్రటి గోడలా వచ్చింది. కిటికీలకు గోనెపట్టాలు కట్టి దీపం పెట్టుకోవలసి వచ్చింది. పక్కనే ఉన్న గేటు కనపడలేదు. కంట్రోలుకు పిలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి మునీంద్ర గొంతు వినపడింది.

"గంట మోగింది అక్కా. ఒక్కసారే."

 నేల మీద కూర్చున్నాను.

"ఉండు, ఉండు. తర్వాత చుక్క కదిలింది. ఇప్పటికీ కదుల్తానే ఉండాది. దక్షిణానికి పోతాంది, నెమ్మదిగా. ఇరుక్కుని నొక్కింటుంది, బయటపడింటుంది. బండి నడుస్తాంది అక్కా, భయపడొద్దు."

కదులుతోందంటే నడుపుతోందనే. నడుపుతోందంటే బాగున్నట్టే. ఇద్దరం అదే అనుకున్నాం. దేవుడికి దండం పెట్టుకున్నాను.

శనివారం

ఇది ఆదివారం రాస్తున్నాను. నిన్న రాయడానికి చేతులు రాలేదు.

పొద్దున గాలి ఆగింది కానీ దుమ్ము దిగలేదు. సూర్యుడు పళ్లెంలాగా తెల్లగా ఉన్నాడు, చూస్తే కళ్లకు బాధ లేదు. ఎండ మాత్రం ఎప్పటిలాగే ఉంది. మారి నల్లదిన్నె చేరిందో లేదో తెలియదు. ఆ ఊళ్లో రేడియో లేదు. చుక్క ఇంకా కదులుతోందని, ఇప్పుడు పడమరకు తిరిగిందని మునీంద్ర అన్నాడు.

"దిబ్బలు అడ్డం పడితే చుట్టూ తిరుగుతాందేమో," అన్నాడు. గొంతులో నిన్నటి ధైర్యం లేదు.

పక్కీరప్ప జీపు తీశాడు. జీపులో రేడియో ఉంది కానీ డబ్బా లేదు, మైళ్ల మీటరు, దిక్సూచి చూసుకుంటూ పోవాలి. మునీంద్ర చెప్పిన చోటికి పోయాడు. ఖాళీ ఇసుక. చక్రాల జాడ కూడా లేదన్నాడు. అప్పటికే చుక్క ఇంకొంచెం ముందుకు పోయింది. అక్కడికి పోయాడు. అక్కడా లేదు.

"మేము వస్తాండామని తెలీక పోతాందేమో అక్కా. హారన్ కొడతాండా. ఇనపడ్డం లేదు," అన్నాడు రేడియోలో. గంటల తరబడి ఆ చుక్క వెనక తిరిగాడు. చివరికి జీపు రేడియేటరు మరిగిపోయి గేటుకు తిరిగొచ్చాడు.

జీపు చల్లారేలోపు అతని ట్యాంకరు పరీక్ష చేయమన్నాడు. ఉత్తరపు ఊళ్లవాళ్లూ ఎదురుచూస్తున్నారు మరి. బండిని రాయికి ఆనించి, కీ తిప్పి డబ్బాకు కరెంటు వదిలి, అతను జీపు దగ్గరికి పోయాడు. నేను రేడియో ముందు కూర్చున్నాను కానీ మునీంద్రను ఏమీ అడగలేదు. మనసు ఇక్కడ లేదు. అట్లా ఎంతసేపు కూర్చున్నానో.

ఉన్నట్టుండి మునీంద్రే అడిగాడు. "అక్కా, పక్కీరప్ప బండిని అప్పుడే పంపించినావా?"

"లేదు. ఈడే ఉండాది."

"పోతాంది గదక్కా. పడమరకు పోతాంది."

కిటికీలోంచి చూశాను. బండి రాయి పక్కనే ఉంది. ఇంజను ఆగి ఉంది. చక్రం కింద కుక్క పడుకుని ఉంది.

"మునీంద్రా, బండి కదల్లేదు. ఇంజను గూడా ఆగుండాది."

 రేడియోలో గరగర మాత్రమే వినపడింది. ఇద్దరికీ ఒకేసారి తట్టిందనుకుంటాను. ఇన్నేళ్లూ బండిని రాయి దగ్గర నిలబెట్టి ఒక్క చూపు చూసి పంపేవాళ్లం. అంతసేపు ఊరికే నిలబెట్టి తెర చూసింది ఎవరూ లేరు. ఉపగ్రహాలు తూలుతుంటే చుక్కలే నడుస్తున్నాయి. బండ్లు కాదు.

"మారక్క చుక్క, ఈ చుక్క," అన్నాడు మునీంద్ర.  "రెండూ ఒకే తీరుగా నడుస్తాండాయి అక్కా. జోడెద్దుల మాదిరి. ఒకటి తిరిగితే ఇంకోటి తిరుగుతాంది."

అంటే మారి నిన్నటి నుంచి కదలలేదు.

మునీంద్ర ఏడుస్తున్నాడని తెలుస్తోంది. కానీ లెక్క వదల్లేదు. రాయి ఎక్కడుందో మాకు తెలుసు. రాయి దగ్గరి బండి ఎంత తప్పు చూపిస్తోందో కూడా ఇప్పుడు తెలుసు. మారి చుక్కలోంచి ఆ తప్పును తీసేస్తే మారి ఉన్న చోటు వస్తుంది. అతనే తీశాడు.

"నల్లదిన్నె దారిలోనే అక్కా. ఊరికి కొంచెం ఇవతల. నిన్నటి నుంచి ఆడనే ఉండాది."

పక్కీరప్ప, నేను జీపులో బయలుదేరాం. ట్యాంకరును రాయి దగ్గరే వదిలేశాం. పక్కీరప్ప మైళ్లూ దిక్కూ చెబుతుంటే మునీంద్ర లెక్క చూసి దారి చెప్పాడు, కుడికి, ఇంకొంచెం కుడికి అని.  దారిలో దుమ్ము దిగుతూ వచ్చింది. చాలా రోజుల తర్వాత నీలం ఆకాశం కనిపించింది.

ట్యాంకరు పక్కకు ఒరిగి పడి ఉంది. దిబ్బ అంచు విరిగి జారినట్టుంది. ట్యాంకు అడుగున అతుకు ఊడి నీళ్లన్నీ ఇసుకలోకి పోయాయి. అక్కడి ఇసుక గట్టిపడి పెంకులుగా లేచింది. స్టీరింగు కింద ఎర్ర బటన్ వైరు తెగి వేలాడుతోంది. ఒక్కసారి గంట మోగించడానికి మాత్రం పనికొచ్చింది పాపం. డబ్బా మీది దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది.

మారి ట్యాంకు నీడలో కూర్చుని ఉంది, వీపు చక్రానికి ఆనించి. తల మీద కొంగు కప్పుకుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది. ఒళ్లు వెచ్చగానే ఉంది. "ఉండాది, ప్రాణముండాది" అని అరిచాను. పక్కీరప్ప వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి, నా భుజం పట్టుకున్నాడు.

"ఎండక్కా. ఎండ వేడి అది."

ఎక్కడా దెబ్బ లేదు. కాళ్లూ చేతులూ బాగున్నాయి.

మునీంద్రకు చెప్పడానికి పక్కీరప్ప రేడియో పట్టుకుని దిబ్బ ఎక్కాడు. ఎక్కినవాడు అట్లాగే నిలబడిపోయాడు. ఎంతకీ దిగకపోతే నేనూ ఎక్కాను. దిబ్బ అవతల, పిలిస్తే పలికేంత దూరంలో అనిపించేలా, నల్లదిన్నె నీళ్ల ట్యాంకు, ఇళ్లు, గొర్రెల దొడ్డి. నడిచినా అరగంట పట్టదు. దుమ్ములో మారికి కనపడి ఉండదు. కనపడకపోయినా నడిచి ఉంటే చేరేది. బండి దగ్గరే ఉండమన్నాం. ఉంది.

ఆదివారం

నిన్న రాత్రికి మారిని నల్లదిన్నెకే తీసుకొచ్చాం. ఊరంతా మేలుకుని ఉంది.  తిమ్మక్క తన మంచం బయట వేయించింది.

పొద్దున స్నానం పోయాలన్నారు. నీళ్లేవి? జీపులో తెచ్చుకున్న క్యాను రేడియేటరే తాగేసింది. ఊళ్లో శుక్రవారం రావలసిన నీళ్లు రాలేదు. తొట్టి నేను స్వయంగా చూశాను, అడుగు పగుళ్లు కనపడుతున్నాయి. తడిగుడ్డతో తుడిచి పంపిద్దామని తిమ్మక్కతో అన్నాను.

ఆమె లోపలికి పోయి చెంబు తెచ్చింది. సగం కూడా లేదు. దాన్ని మారి మంచం పక్కన పెట్టింది. ఆమె వెనకాలే పక్కింటామె గ్లాసుతో వచ్చింది. తర్వాత ఒకాయన సీసా తెచ్చాడు. ఒకామె చంకలో బిడ్డతో, రెండో చేతిలో గిన్నెతో వచ్చింది. గిన్నెలో నీళ్లు తొణక్కుండా చూసుకుంటూ అడుగులో అడుగు వేస్తూ వచ్చింది. ముప్పై ఇళ్లవాళ్లూ వచ్చారు. నేను అడ్డం పోయి నిలబడ్డాను.

"వద్దమ్మా. తాగేదానికి మీకే లేవు. బిడ్డలుండారు. పోయిన మనిషికి యాల?"

తిమ్మక్క నా చెయ్యి పట్టి పక్కకు జరిపింది.

"ఇవి ఎవురి నీళ్లనుకుంటివి? ఆయమ్మ తెచ్చిన నీళ్లే గదమ్మా. పోయిన సోమారం తెచ్చిపోయిన నీళ్లు. ఆయమ్మవి ఆయమ్మకు పోస్తాండాం, అంతే. నువ్వు కూసో."

చెంబులు, గ్లాసులు, గిన్నెలు అన్నీ కలిపితే ఒక బిందె అయ్యాయి. తిమ్మక్కే పోసింది. మారి జుట్టులోంచి ఇసుక వస్తూనే ఉంది. ముగ్గురు ఆడవాళ్లు వేళ్లతో పాయలు తీసి, ఓపిగ్గా, నీళ్లు ఒక్క చుక్క వృథా కాకుండా కడిగారు. నేను మారి పాదాలు తుడిచాను. అప్పుడు ఏడుపొచ్చింది. అంతవరకూ రాలేదు.

గొర్రెల దొడ్డి వెనక, ఇసుక లేని గట్టినేల ఉంది. అక్కడ మారిని పూడ్చిపెట్టాం. పక్కీరప్ప జీపు తీసుకుని గేటుకు వెళ్లాడు, ట్యాంకరుతో నీళ్లు తెస్తానని. బిడ్డల్ని నీడలో పడుకోబెట్టి ఊరంతా ఎదురుచూస్తోంది. నేను కూడా.

సోమవారం

పొద్దున్నే పక్కీరప్ప ట్యాంకరు వచ్చింది. దారి తప్పలేదు, ఎక్కడా ఆగలేదు. రాయికే ఒక కొత్త డబ్బా కట్టించారట. మునీంద్ర దాని చుక్కను, బండి చుక్కను పక్కపక్కన పెట్టుకుని చూస్తూ లెక్క సరిచేస్తున్నాడట. అన్ని గేట్లలోనూ అట్లాగే కట్టమని కబురు పోయిందట.

"రాత్రంతా నిద్రపోలేదక్కా మునీంద్ర. బండి కాస్త నెమ్మదయితే చాలు, జీపు పంపేదానికి సిద్ధంగా ఉండాడు," అన్నాడు పక్కీరప్ప.

పైపు నేను పట్టుకున్నాను. ఎవరూ తోసుకోలేదు. నిన్న గిన్నె తెచ్చినామె బిందె నిండాక, ముందు దోసిలి పట్టి బిడ్డకు తాగించింది. బిడ్డ సగం తాగి సగం ఒంటి మీద పోసుకుని నవ్వాడు. తిమ్మక్క వంతు వచ్చినప్పుడు, మళ్లీ నీళ్లతో ఎవరొస్తారని అడిగింది. పక్కీరప్ప వస్తాడన్నాను. తోడు నేను కూడా వస్తానన్నాను. అప్పటికప్పుడే నోట్లోంచి వచ్చింది. ఆమె తలూపి, రొట్టెల మూట ఒకటి నా చేతిలో పెట్టింది.

తిరుగు దారిలో పక్కీరప్ప పక్కన కూర్చున్నాను. ఊరు దాటగానే దిబ్బ వచ్చింది. దిబ్బ దిగితే మారి ట్యాంకరు. గాలికి అప్పుడే సగం వరకు ఇసుక ఎక్కింది. ఇంకో పది రోజులైతే కనపడదు. చక్రం పక్కన ఆమె చెప్పులు ఇంకా అట్లాగే ఉన్నాయి. మొన్న ఎవరమూ తీసుకోలేదు.

పక్కీరప్ప నా వైపు చూశాడు. నేనేమీ అనకముందే బ్రేకు మీద కాలు పెట్టాడు.

"రోంత సేపు నిలపనా అక్కా?"

దిగాలని ఉంది. ఆ నీడలో మారి కూర్చున్న చోట ఒక్కసారి కూర్చోవాలని ఉంది. చెప్పులు తెచ్చుకోవాలని ఉంది. అనంతపురంలో రాత్రంతా నిద్ర లేని మనిషి ఒకడు తెర ముందు కూర్చుని ఉన్నాడు. ఇదే చోట, మళ్లీ ఒక చుక్క ఆగిపోతే అతను ఏమైపోతాడు?

"వద్దప్పా," అన్నాను. "నిలపొద్దు. పోనీ."

పక్కీరప్ప బ్రేకు మీంచి కాలు తీశాడు.